కుట్టులో దాచిన భయం

ఈత రాదు

నాకు ఈత రాదు. ముప్పై నాలుగేళ్లు కృష్ణ ఒడ్డున కూర్చుని తెరచాపలు కుట్టినవాడికి ఈత రాదంటే కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వుకోండి. నేర్చుకుందామని రెండుసార్లు నీళ్లలో దిగాను. మోకాళ్ల దాకా రాగానే ఊపిరి ఆడేది కాదు. మూడోసారి మా కోచ్ ప్రభాకర్ గారు వెనకనుంచి తోశారు. ఆ తర్వాత నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఈ మధ్య మా సెయిలింగ్ సెంటర్ నుంచి ఒకమ్మాయి, ఒకబ్బాయి ఇంటికి వచ్చారు. నేను చేసిన పని ఇప్పుడు వాళ్లు చేస్తున్నారు. “మస్తాన్ గారూ, మీ అనుభవం కాస్త రాసివ్వండి, మాకు పనికొస్తుంది” అన్నారు. ఏ గుడ్డకి ఏ సూది, ఎంత మందం దారం, ఇవన్నీ ఫోన్‌లో దొరుకుతాయి. వాటి జోలికి నేను పోను. ఫోన్‌లో దొరకనిది ఒకటుంది. గాలి పడవ వేగంగా పోతుంటే ఒడ్డున ఎవడో ఒకడు భయపడుతూ ఉంటాడు. మా సెంటర్లో ఆ ఒక్కడు నేను. ఆ భయాన్ని ఏం చెయ్యాలో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. తెలియక చేసిన పనికి ఒక ఆడపిల్ల ప్రాణం పోవాల్సింది. అదే రాస్తాను.

లారీ పట్టా లెక్క

మాది వన్ టౌన్. నాన్న లారీ పట్టాలు కుట్టేవారు. ధాన్యం లారీ మీద, మిర్చి లారీ మీద కప్పే పట్టాకి ఒకటే పరీక్ష, చిరగకూడదు. వానొచ్చి ఒక్క చోట చిరిగిందా, లారీ ఓనరు వచ్చి బజార్లో నిలబెట్టి తిడతాడు. అంచు మడిచి, మళ్లీ మడిచి, రెండు వరసలు చాలనిచోట నాలుగు వరసలు వేసి కుట్టడం నాకు పదిహేనేళ్లకే వచ్చేసింది.

ప్రభాకర్ గారు మా షాపు ముందు స్కూటర్ ఆపింది అప్పుడే. ఆయన నేవీలో పనిచేసి వచ్చేసిన మనిషి. బ్యారేజీకి ఎగువన, నీళ్లు చెరువులా నిలబడి ఉండే చోట, పిల్లలకి గాలి పడవలు నేర్పే సెంటర్ పెట్టారు. స్కూటర్ వెనక చిరిగిన తెరచాప చుట్ట ఉంది.

“ఏవయ్యా, ఇది కుడతావా?”

“గుడ్డే కదా సార్, ఎందుకు కుట్టనండీ?”

“గుడ్డ కాదయ్యా, ఇది ఇంజను” అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. కుట్టిచ్చాను. ఆయన చేత్తో లాగి చూసి, మర్నాటి నుంచి సెంటర్‌కి వచ్చెయ్యమన్నారు. వెళ్లిపోయాను.

ప్రభాకర్ గారి గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆయన గొంతు అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. మనసులో ఏదీ దాచుకోరు. డబ్బులేని పిల్లలకి ఫీజు మాట ఎత్తేవారు కాదు. ఒకటే జబ్బు ఆయనకి. మంచి గాలి పడితే ఆపడం తెలీదు. పొద్దు వాలుతున్నా, పిల్లలు అలిసిపోయినా, “ఇంకొక్క రన్!” అని అరిచేవారు. రన్ అంటే రెండు బోయాల మధ్య, అంటే నీళ్లమీద తేలే రెండు గుర్తుల మధ్య, పడవ పోయే పరుగు. ఆ మాట వినపడగానే నేను చేతిలో సూది పక్కన పెట్టి నీళ్ల వైపు చూసేవాణ్ణి. ఎందుకో అప్పట్లో నాకే తెలీదు.

చేరిన మూడో ఏడు ఒక కొత్త తెరచాప మొత్తం నేనే కుట్టాను. పట్టా లెక్కలోనే కుట్టాను. ప్రతి అతుకుకీ నాలుగు వరసలు, మూలల్లో తోలు ముక్కలు. దాన్ని కట్టుకుని సురేంద్ర అనే కుర్రాడు వెళ్లాడు. పామర్రు వాడు, ఇక్కడ లా చదువుతున్నాడు. వేగమంటే పిచ్చి. కొండల మధ్యనుంచి పడమటి గాలి ఒక్క విసురు విసిరింది. గుడ్డ చిరగలేదు. కుట్టు ఊడలేదు. గాలి తాకిడి అంతా మాస్ట్ మీద పడింది. మాస్ట్ అంటే తెరచాపని నిలబెట్టే కొయ్య. అది మొదలు దగ్గర ఫెళ్లున విరిగి అతని భుజం మీద పడింది. తాడు చుట్టుకుని కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

వాళ్ల నాన్న పామర్రు నుంచి వచ్చారు. పెద్ద రైతు, తెల్లటి చొక్కా. ఆస్పత్రి నుంచి నేరుగా మా షెడ్డుకి వచ్చి, విరిగిన మాస్ట్‌ని, పక్కనే పడున్న తెరచాపని చూశారు. ఆయనకి ఏ కోపమూ లేదు, అదే నా ఖర్మ. అతుకు మీద వేలు పెట్టి రాసి, “కుట్టు ఎవరిదండీ? చాలా గట్టిగా ఉంది, ఎక్కడా చెక్కుచెదరలేదు” అన్నారు మెచ్చుకోలుగా.

నేను “నాదేనండీ” అన్నాను. ఇప్పటికీ అన్నం తింటుంటే ఒక్కోసారి ఆ మెచ్చుకోలు గుర్తొస్తుంది, ముద్ద దిగదు.

ఆ సాయంత్రం ప్రభాకర్ గారు టీ తాగుతూ తనలో తాను అనుకున్నట్టు ఒక మాటన్నారు. “గుడ్డ చిరిగుంటే మాస్ట్ బతికేది మస్తానూ. పిల్లాడి వేళ్లూ దక్కేవి.” ఆయన టీ తాగేసి ఆ మాట మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

దొంగ కుట్టు

అప్పటినుంచి నేను కుట్టిన ప్రతి తెరచాపలోనూ ఒక దొంగ కుట్టు ఉంది. ఈ సంగతి ప్రభాకర్ గారికి తెలీదు, పడవ నడిపేవాళ్లకి తెలీదు, మా ఇంట్లోనూ తెలీదు.

ఎలా చేసేవాణ్ణో చెప్తాను. చెప్పకపోతే మీకెవరికైనా ఇదే ఆలోచన వస్తుంది. తెరచాప గుడ్డ ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి మూడు వరసలు వంకరటింకర కుట్టు కుడతాం. అన్నిటికన్నా పైనున్న అతుకులో నేను రెండు వరసల్ని కింది ముక్క మీదే ముందు కుట్టేసేవాణ్ణి. తర్వాత దాన్ని పై ముక్క అంచు మీద పెట్టి ఒకే ఒక్క వరస, సన్నదారంతో, రెండిటినీ కలిపి వేసేవాణ్ణి. చూసేవాళ్లకి మూడు వరసలు కనపడతాయి. పట్టుకుని ఉండేది ఒక్కటే. పెద్ద గాలి వస్తే అక్కడ విచ్చుకుని, పైనుంచి గాలి కారిపోయి పడవ నెమ్మదిస్తుంది. మాస్ట్ విరగదు. ఇదీ నా తెలివి.

రెండుసార్లు పనిచేసింది కూడా. రెండుసార్లూ పైభాగం విచ్చుకుంది, నడిపేవాళ్లు తిట్టుకుంటూ క్షేమంగా ఒడ్డుకి వచ్చారు. ప్రభాకర్ గారు “అదృష్టం” అన్నారు. నేను షెడ్డులో తల వంచుకుని మెషిన్‌కి నూనె వేస్తూ, అదృష్టం కాదు సార్, నేనే అని లోపల్లోపల మురిసిపోయాను. నా మొహం. ఒక్కసారి తెగి చెడ్డపేరు వచ్చుంటే ఆనాడే మానేసేవాణ్ణి.

శిరీష అడిగిన ప్రశ్న

నాలుగేళ్ల కిందట చల్లపల్లి నుంచి శిరీష వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రాలు, ఆదివారాలు మా దగ్గరే. ఇరవై నాలుగేళ్ల పిల్ల, సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. ఆమె నడిపే బోటు కొత్తరకం. అడుగున నీళ్లలో రెక్కలుంటాయి. వేగం అందుకోగానే ఆ రెక్కలు బోటుని నీళ్ల పైకి ఎత్తేస్తాయి. అప్పుడు బోటు నీటిని తాకదు, రెక్కలు మాత్రమే మునిగి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను “యా అల్లా” అని బెంచీ మీద కూలబడ్డాను.

గాలి పాతిక కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే ఈ బోటు నలభై మీద పోతుంది. గాలికన్నా గాలి పడవ వేగంగా పోవడమేమిటని నేను ప్రభాకర్ గారితో వాదించాను. “గాలి లేని రోజు సైకిల్ తొక్కుతుంటే మొహానికి గాలి కొట్టదా? బోటు పరిగెత్తి తన గాలి తనే తెచ్చుకుంటుంది, ఆ గాలినే మళ్లీ తింటుంది” అని ఆయన చెప్పారు. నాకు అర్థమైంది ఒకటే. వేగం పెరిగేకొద్దీ గుడ్డమీద బరువు పెరుగుతూనే ఉంటుంది, దానికి అంతు లేదు.

శిరీషకి కావాల్సింది యాభై. మా రెండు బోయాల మధ్య అయిదువందల మీటర్లు గంటకి యాభై కిలోమీటర్ల లెక్కన పోవాలి. ఎవరో చెప్తే కాదు, బహుమతి కోసమూ కాదు. ఆ పిల్లకే కావాలి. నలభై ఆరు వచ్చింది, నలభై ఏడు వచ్చింది, అక్కడ ఆగిపోయింది.

ఒకరోజు తడిబట్టలతోనే షెడ్డుకి వచ్చింది.

“మస్తాన్ గారూ, ఒకటి అడగనా? నలభై అయిదు దాటాక పైన ఏదో కొట్టుకుంటోందండీ. టపటపటపా అని. అక్కడే స్పీడు పోతున్నట్టుంది. ఒకసారి చూస్తారా?”

పైన కొట్టుకునేది ఏమిటో నాకు తెలుసు. ఒంటి వరస మీద అతుకు సాగుతోంది, అంచు వదులై గాలికి ఊగుతోంది. చూస్తున్నట్టు నటించాను. తెరచాప నేలమీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పాను.

“గుడ్డ తీరే అంతమ్మా. కుట్టు బాగానే ఉంది.”

“అవునా? అయితే నా చెయ్యే బాలేదేమోనండీ” అంది.

నేను కాదనలేదు. ఎందుకంటారా? ఆ పిల్ల గాల్లోకి లేచినప్పుడల్లా నాకు సురేంద్ర చెయ్యి కనిపించేది. నలభై ఏడుతో ఆగితే చాలు, ఇంటికి పోతుంది కదా అనుకునేవాణ్ణి. ఆమె మాత్రం పొద్దున్నే లేచి జిమ్‌కి పోవడం మొదలుపెట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి, వాటికి టేపు చుట్టుకుని వచ్చేది. చుక్కాని పట్టు మార్చింది, కూర్చునే తీరు మార్చింది. మూడేళ్లు తప్పు తనలో వెతుక్కుంది.

ఇంకొక్క రన్

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం. మా దగ్గర వేగానికి మంచిది పడమటి గాలి. కానీ అది గట్టిగా వీచే రోజుల్లోనే పైనుంచి వరద దిగుతుంది. బ్యారేజీ గేట్లు ఎత్తితే, అంతవరకూ నిలబడి ఉన్న నీళ్లన్నీ గేట్ల వైపు కదులుతాయి. గాలి తోసేది అటే, నీళ్లు లాగేదీ అటే. అందుకే గేట్లు ఎత్తితే బోటు దించకూడదు అనేది మా సెంటర్లో మొదటి నియమం. ఆ పొద్దున గేట్లు మూసే ఉన్నాయి.

నేను రెస్క్యూ బోటులో ఉన్నాను. ఆ రోజు సాయానికి మనిషి తక్కువయ్యాడని ఎక్కించారు, రెండు లైఫ్ జాకెట్లు అడిగితే నవ్వారు. ఇంజను నడిపేది ఏసు. నాగాయలంక దగ్గర చేపలు పట్టే కుటుంబం వాళ్లది. నీళ్లలో పుట్టి పెరిగినవాడు. ప్రభాకర్ గారు ఒడ్డుమీద, చేతిలో వాకీటాకీ.

రెండో రన్‌లో నలభై ఎనిమిది వచ్చింది. శిరీష నీళ్లు తాగడానికి మా పక్కకి వచ్చి ఆగింది. తెరచాప నా తలమీద ఉంది. తలెత్తి చూశాను. పై అతుకులో సూది రంధ్రాలు గుండ్రంగా లేవు. సాగి, గీతల్లా అయ్యాయి. వాటిలోంచి ఆకాశం కనపడుతోంది.

అప్పుడే బ్యారేజీ సైరన్ మోగింది.

వాకీటాకీలో ప్రభాకర్ గారి గొంతు: “విన్నాను, విన్నాను. గేట్లు ఎత్తినా నీళ్లు ఇక్కడ కదలడానికి అరగంట పడుతుంది. యాభై చేతికందేలా ఉంది. ఇంకొక్క రన్!”

శిరీష నావైపు చూసింది. “ఏమంటారండీ?”

వద్దమ్మా, తెరచాప పోతుంది అనాలి. అంటే, ఎలా తెలుసు అని అడుగుతుంది. అడిగితే మూడేళ్ల సంగతి చెప్పాలి. “సార్ చెప్పారు కదమ్మా” అన్నాను. నా జీవితంలో అంతకన్నా పిరికి మాట నేను అనలేదు.

బోటు లేచింది. మొదటి బోయా దాటింది. ఏసు, శిరీష బోటు స్పీడు చూపించే వాచీ చూస్తూ “నలభై తొమ్మిది అన్నా, నలభై తొమ్మిది!” అని కేకపెట్టాడు. వెంటనే బట్ట చింపిన చప్పుడు. అంత దూరం నుంచి కూడా నాకు స్పష్టంగా వినపడింది. పై అతుకు ఈ చివరనుంచి ఆ చివరకి విచ్చుకుంది. తెరచాప పైముక్క మాస్ట్‌కి వేలాడింది, కింది ముక్క జారి శిరీష మీద కూలింది. బోటు దభీమని నీళ్లమీద పడింది.

అరగంట పట్టలేదు. నీళ్లు అప్పటికే కదులుతున్నాయి. ఆమెకి ఇంజను లేదు. గాలికి ఎదురెక్కి వెనక్కి రావాలంటే తెరచాప ఒక్కటే ఆధారం. దాన్ని నేను ముందే తెంపి పెట్టాను.

“పోనియ్ ఏసూ, పోనియ్!”

ఏసు ఇంజను పెంచాడు. పది గజాలు పోయామో లేదో అది గుర్రుమని ఆగిపోయింది. వరదతో పాటు గుర్రపుడెక్క కొట్టుకొచ్చింది. వేళ్లతో సహా ఒక దిండంత మోపు ఇంజను రెక్కకి చుట్టుకుంది. ఏసు ఇంజను పైకెత్తి కత్తితో కోస్తున్నాడు. నా దగ్గర గుడ్డ కోసే చాకు ఉంది. నేనూ వంగి కోశాను. ఈత రానివాణ్ణి, నడుం దాకా బయటికి వేలాడుతున్నాను. లైఫ్ జాకెట్ ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. మా బోటు కూడా అటే పోతోంది. గేట్ల కింద నీళ్లు పడే హోరు ముందు చిన్నగా, తర్వాత మేం మాట్లాడుకునే మాట వినపడనంతగా పెరిగింది. ఆ హోరు వింటూ నేను ఏమేం మొక్కుకున్నానో రాయలేను.

బ్యారేజీకి ఇవతల హెచ్చరిక కోసం ఇనపతీగకి డ్రమ్ముల వరస కట్టి ఉంటుంది. శిరీష బోటు దానికి అడ్డంపడి ఆగింది. ఆమె ఒక డ్రమ్ముని రెండు చేతులతో వాటేసుకుంది. నీళ్లు బోటుని తీగ కిందికి తొక్కుతున్నాయి. తెరచాప గుడ్డ ఆమె కాళ్లకి చుట్టుకుంది. బోటు మునిగితే ఆమెని కూడా లాక్కుపోతుంది.

ఇంజను పట్టుకుంది. ఏసు మా బోటుని పక్కకి తెచ్చి నీళ్లకి ఎదురుగా నిలబెట్టాడు. “అన్నా, గుడ్డ కొయ్యి!” అని అరిచాడు. నేను పొట్టమీద పడుకుని, ఒక చేత్తో ఆమె జాకెట్ పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ కోశాను. కింది అతుకులన్నీ నిజం కుట్లు, మూడేసి వరసలు. కోస్తుంటే చాకు ఆగుతోంది. ఎంత గట్టిగా కుట్టాన్రా నాయనా అని ఏడుస్తూ కోశాను.

“బోటు వదిలెయ్ తల్లీ, వదిలెయ్!”

“రావట్లేదండీ, కాలు రావట్లేదు!”

చివరి అతుకు తెగింది. ఏసు ఆమెని జబ్బ పట్టుకుని లోపలికి లాగాడు. బోటు తీగ కిందనుంచి జారి గేటు పక్క గోడకి కొట్టుకుని రెండు ముక్కలైంది. మేం ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. ఏసు ఒక చెయ్యి మాత్రం ఇంజను మీదే ఉంచి మమ్మల్ని ఒడ్డుకి చేర్చాడు.

బెంజ్ సర్కిల్‌లో టీ

ఒడ్డున ప్రభాకర్ గారు ఆమె జాకెట్‌కి చిక్కుకుని వచ్చిన గుడ్డముక్క చూశారు. మొహంలో నెత్తురు లేదు. “గాలికి చిరిగింది. ఆ గాలికి ఏ కుట్టూ ఆగదు” అన్నారు. శిరీష దుప్పటి కప్పుకుని వణుకుతోంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నావైపు తిరిగి, “సారీ మస్తాన్ గారూ, మీ తెరచాప పాడుచేశాను” అంది.

నేను ఇంటికి పోయి రెండు రోజులు పడుకున్నాను. మూడోనాడు మా ఆవిడ రహీమాకి దొంగ కుట్టు సంగతి చెప్పాను. ఆమె నా మాట మధ్యలో ఆపలేదు. చివరికి, “నాకెందుకు చెప్తున్నారు? ఆ పిల్లకి చెప్పండి” అని లేచి వంటింట్లోకి పోయింది.

గుడ్డముక్కని బట్టల షాపు సంచిలో పెట్టుకుని బెంజ్ సర్కిల్‌లో శిరీష ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఆమె దిగివచ్చింది, కాలికి కట్టుంది. నవ్వుతూ టీ చెప్పింది. ఆ నవ్వు చూసి వెనక్కి పోదామనుకున్నాను. హారన్ల గోలలో, బెంచీ మీద గుడ్డ పరిచి, చూడమ్మా అని అతుకు తిప్పి చూపించాను. ఈ రెండు వరసలూ ఉత్తవి. ఇదొక్కటే నిజం. నేనే పెట్టాను.

వరస వరసగా వేలితో తడిమి చూసింది. ఇళ్ల ప్లాన్లు గీసే పిల్ల, విడమరిచి చెప్పక్కర్లేదు.

“అన్నింట్లోనూ ఇంతేనాండీ?”

“నీవన్నీ ఇంతేనమ్మా. మూడేళ్లూ.”

“పైన కొట్టుకునేది ఇదేనా?”

“ఇదే.”

టీ గ్లాసు కింద పెట్టింది. “మూడేళ్లు నా చేతులు పనికిరావనుకున్నానండీ” అంది. గొంతు పెంచలేదు. తిట్టుంటే బాగుండేది. లేచి కుంటుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ప్రభాకర్ గారికీ చెప్పాను. ఆయన పావుగంట తిట్టారు. నేవీలో ఏ తిట్లు నేర్చుకున్నారో అన్నీ అయ్యాయి. తర్వాత కుర్చీలో కూర్చుని, “సైరన్ మోగాక రన్ అన్నది నేను. నీ కుట్టు ఎంత తప్పో నా నోరూ అంత తప్పు” అన్నారు. యజమాని తన తప్పు తాను ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అయినా నా తప్పు రవ్వంత కూడా తగ్గలేదు.

ఎర్ర దారం

శిరీష ఆరు నెలలు రాలేదు. వరద తగ్గింది, చలి వచ్చింది. నేను ఈ పని మానేద్దామని మెషిన్‌కి మూత వేశాను. మాఘమాసంలో ఒక ఆదివారం షెడ్డు ముందు ఆటో ఆగింది.

“నా కోపం తగ్గలేదండీ” అంది, కూర్చోకుండానే. “సార్ పాత బోటొకటి బాగుచేయించారు. దానికి తెరచాప కావాలి. మీకన్నా బాగా కుట్టేవాళ్లు నాకు తెలీదు. అందుకొచ్చాను, అంతే.”

“నేను కుట్టను తల్లీ. నాకు భయం.”

“భయమేస్తే వెయ్యనివ్వండి. మెషిన్ పక్కన నేను కూర్చుంటాను. ఎక్కడ భయమేస్తే అక్కడ నోటితో చెప్పండి. కుట్టులో పెట్టొద్దు.”

నాలుగు ఆదివారాలు పట్టింది. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది, మాటామంతీ తక్కువ. పై అతుకు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ఆగింది. “ఇక్కడమ్మా” అన్నాను. “ఇది ఊడకపోతే మాస్ట్ విరుగుతుందని భయం. ఊడితే నువ్వు వెనక్కి రాలేవని భయం.” సురేంద్ర వేళ్ల సంగతి మొత్తం అప్పుడు చెప్పాను. ముప్పై ఏళ్లు ఎవరికీ చెప్పలేదది. వింది. తర్వాత మేమిద్దరం ప్రభాకర్ గారిని పిలిచి కూర్చున్నాం. గుడ్డ గట్టిగానే ఉండాలి. తెరచాపని లాగి పట్టే తాడుకి, ఒక్క లాగుతో వదిలిపోయే కొక్కెం పెడదాం అనుకున్నాం. దాన్ని వదిలితే గాలి కారిపోతుంది, గుడ్డ చిరగదు. ఎప్పుడు వదలాలో బోటులో ఉన్న మనిషి తేల్చుకుంటుంది. ఇంత చిన్న ఉపాయం అన్నేళ్లూ ఎందుకు దొరకలేదంటే, నేను భయాన్ని ఎవరి ముందూ పెట్టలేదు కాబట్టి.

ఆ అతుకు ఎర్రదారంతో కుట్టాను. మూడు వరసలూ నిజమే. తెల్లగుడ్డ మీద దూరానికి కనపడుతుంది. మీలో తెరచాపలు కుట్టేవాళ్లకి నేను ఇచ్చే సలహా ఇదొక్కటే. మీకు ఎక్కడ భయమేస్తే అక్కడ ఎర్రదారం వాడండి, నడిపేవాళ్లు అడిగేలాగా.

చైత్రంలో, సముద్రం వైపు నుంచి గాలి లేచిన ఒక సాయంత్రం బోటు దించాం. గేట్లు మూసి ఉన్నాయి. నదిలో గుర్రపుడెక్క లేదు. అయినా నా భయం అలాగే ఉంది. బోటు తోసే ముందు శిరీష తలెత్తి చూసింది.

“భయం ఇక్కడేనాండీ?”

“అక్కడే తల్లీ.”

“సరే, చూసుకుంటాను.”

ఈసారి నేను ఒడ్డునే ఉన్నాను. బోటు లేచి, బోయా దాటి, చిన్నదైపోయింది. నేను వాచీ వైపు చూడలేదు. ఎర్రగీత ఒక్కటే చూశాను. ఒక విసురు వచ్చింది. గీత వంగింది, మళ్లీ సరైంది. చేత్తో నోరు మూసుకున్నాను. ప్రభాకర్ గారు అంకె చెప్పారు, ఏసు ఈలలు వేశాడు, ఒడ్డుమీద ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. యాభై ఒకటట. ఆ అంకె నాకు తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. ఇంకొక్క రన్ అని ప్రభాకర్ గారు అనలేదు. “వచ్చెయ్యమ్మా” అన్నారు.

ఆమె బోటు ఒడ్డుకి తెచ్చింది. నేను చెప్పులు వదిలేసి నీళ్లలోకి నడిచాను. మోకాళ్లు దాటాయి. నడుం దాకా వచ్చాయి. ఎప్పుడు అంత లోతుకి పోయానో నాకు తెలీదు. శిరీష తడిచేతిని ఎర్రకుట్టు మీద పెట్టి ఈ చివరనుంచి ఆ చివరకి రాసింది. యాభై గురించి ఒక్క మాట అనలేదు.

“పైన అస్సలు చప్పుడు లేదండీ” అంది.